పక్కింటి ఎంజీబీ: ఇరవై నెలల పని

పక్కింటాయన స్క్రూడ్రైవర్‌తో డోరు కింది రేకును పొడిచి చూస్తారు. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంది, మొన మాత్రం అప్పడంలోకి దిగినట్టు దిగిపోతుంది. ఇది 1966 నాటి ఎంజీబీ, టాపు మడిచేసే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న అబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. ఈయన 3,500 పౌండ్లకు కొన్నారు. నలభై ఏళ్లు లేత్ మీద పనిచేసి రిటైరైన మనిషి. శనివారాలు నేను సామాను అందిస్తూ పక్కన నిలబడతాను.

మొదటి నెలంతా విప్పడమే. మొండి బోల్టులకు ముందురోజు రాత్రే తుప్పు వదిలే నూనె పట్టిస్తారు. విప్పబోయే ముందు ఫోటో, విప్పాక ఒక్కో నట్టూ సంచిలోకి, సంచి మీద అది ఎక్కడిదో పెన్నుతో. షెల్ఫు మీద ఇప్పటికి 214 సంచులు.

అసలు పని సిల్స్‌ది. ఈ కారుకు విడిగా ఛాసిస్ లేదు, బాడీయే దాని ఎముకల గూడు. పైకప్పు కూడా లేదు కాబట్టి భారమంతా డోర్ల కింద ముందు నుంచి వెనక్కి పోయే పెట్టెలాంటి దూలాల మీదే పడుతుంది. వాటినే సిల్స్ అంటారు. ఒకదాని వెనక ఒకటి మూడు పొరల రేకు, అడుగున దన్నుగా ఇంకో పట్టీ. పాత రేకు కోసే ముందు ఆయన డోరు సందుకు అడ్డంగా ఇనప బద్దీ వెల్డ్ చేస్తారు. అది లేకుండా కోస్తే బండి నడుం కుంగుతుంది, ఇక ఆ డోరు ఏ జన్మకూ సరిగ్గా పడదు. రెండు పక్కలూ ఒకేసారి ముట్టుకోరు. ఒకటి పూర్తయ్యాకే రెండోది.

కొత్త రేకు అంచున 6 మిల్లీమీటర్ల బెజ్జాలు వరసగా వేసి, ఆ బెజ్జాలను వెల్డుతో నింపుతారు. వరసగా నింపరు. ఈ కొనన ఒకటి, ఆ కొనన ఒకటి, మధ్యలో చెయ్యి పెట్టి చూసి, వేడి తగ్గాకే మూడోది. తొందరపడితే రేకు అలలు తిరుగుతుంది. నాలుగు చుక్కలు పడగానే డోరు తగిలించి, చుట్టూ సందులో చిన్న చెక్కముక్క జరుపుతారు. కింద పట్టేస్తే చుక్కలు గ్రైండర్‌తో కోసి మళ్లీ మొదలు. ఎడమ పక్కకే పదకొండు రోజులు. రేకులకు 900 పౌండ్లు. ఇవి దొరకడమే ఈ కారు అదృష్టం: విట్నీ ఊళ్లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ పాత అచ్చులతోనే 1988 నుంచి మొత్తం బాడీలే తయారు చేస్తోంది.

రంగు బయట వేయిస్తారు. ఆ రంగు గట్టిపరిచే మందు ఊపిరితిత్తులకు విషం, బయటి గాలి అందే మాస్కు కావాలి. బూత్‌లో 60 డిగ్రీల దగ్గర అరగంట కాలాక బండి ఇంటికొస్తుంది. 4,500 పౌండ్లు. వచ్చీ రాగానే సిల్స్ లోపలికి పలచటి మైనం చిమ్ముతారు, తుప్పు మళ్లీ లోపలి నుంచే మొదలవుతుంది కనక.

ఇంజిన్ 1798 సీసీ, నాలుగు సిలిండర్లు. అరిగిన సిలిండర్లను అర మిల్లీమీటరు పెద్దవి చేసి కొత్త పిస్టన్లు వేయిస్తారు. పాతకాలం పెట్రోల్లో సీసం ఎగ్జాస్ట్ వాల్వు సీట్లను కాపాడేది. బ్రిటన్‌లో 2000తో ఆ పెట్రోలు పోయింది, అందుకే గట్టి సీట్లు దిగ్గొట్టిస్తారు. అన్నీ కలిపి 1,900.

వాల్వుల సందు ఆయనే పెడతారు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, 0.38 మిల్లీమీటర్లు. వాల్వులు ఎనిమిది. ఎనిమిదోది పూర్తిగా కిందికి నొక్కుకున్నప్పుడు ఒకటోది సరిచేయాలి, ఏడోది నొక్కుకుంటే రెండోది. రెండంకెలూ కలిపితే తొమ్మిది. ఫీలర్ గేజ్ బ్లేడు లాగితే కాస్త పట్టి వదలాలి. "చూడటం కాదు, వేళ్లతో విను," అని బ్లేడు నా చేతికిస్తారు. మూడుసార్లు వదులుగా పెట్టాను, నాలుగోసారి ఆయన తలూపారు.

వైరింగు కొత్తది, 350. ఆ ఏటి కార్లలో బ్యాటరీ పాజిటివ్ తీగే బాడీకి వెళ్తుంది, అలవాటుగా తగిలిస్తే తిరగబడుతుంది. బ్రేకులు, టైర్లు 1,450. సీట్లు, టాపు 1,600. రెండు ఎస్‌యూ కార్బురేటర్లకు మీటరేమీ లేదు, రబ్బరు గొట్టం ఒక కొస చెవికి, మరో కొస కార్బురేటర్ మూతికి పెట్టి రెండింటి బుస సమానమయ్యే దాకా స్క్రూ తిప్పుతారు.

ఖర్చు మొత్తం 14,200 పౌండ్లు. అమ్మితే 13,000 రావచ్చంటారు. ఆయన పుస్తకంలో రాసుకున్న 1,100 గంటలు ఈ లెక్కలో లేవు. గంటకు 60 తీసుకునే గ్యారేజీకి ఇస్తే వాటికే 66,000 అయ్యేది. నా లెక్క ఆయన పట్టించుకోరు, బానెట్ దించి కీచుమనకుండా పడిందా అని వింటారు.

500 మైళ్లు తిరిగాక నూనె మార్చి, ఇంజిన్ సిలిండర్ హెడ్ నట్లు మధ్య నుంచి బయటికి మళ్లీ బిగించాలి, 68 న్యూటన్ మీటర్లకు. ఈ శనివారానికి 212 మైళ్లయ్యాయి.