ఆదివారం పూట ఒక్కసారి టైరు విప్పి చూడండి

విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తున్నాను. సూర్యాపేట దాటేసరికి రాత్రి తొమ్మిదిన్నర, సన్నగా వాన. వెనక ఎడమ టైరులో గాలి పోయింది. డిక్కీలో జాకీ ఉంది, పానా ఉంది, స్టెప్నీ ఉంది. అరగంటలో బయలుదేరవచ్చనుకున్నాను. నట్టు కదల్లేదు. నెల క్రితం టైర్లు మార్పించినప్పుడు షాపులో మిషన్‌తో బిగించేశారు. కారుతో వచ్చిన పొట్టి పానా దానికి చాలలేదు. కాలితో తొక్కి తొక్కి నాలుగూ వదులు చేసేసరికి గంట పట్టింది. తీరా బిగించి జాకీ దించితే స్టెప్నీ సగానికి అణిగిపోయింది. ఏడాదిన్నరగా అందులో గాలి చూసుకోలేదు. పది కిలోమీటర్ల వేగంతో పంక్చర్ షాపు వెతుక్కుంటూ వెళ్లాను.

కారు మీద బతికేవాళ్లు మనలో ఎంతోమంది ఉన్నారు. క్యాబ్ నడిపేవాళ్లు, మెడికల్ రెప్‌లు, ఊళ్లు తిరిగే సేల్స్ ఉద్యోగులు, రాత్రి షిఫ్టుకు వెళ్లే అమ్మాయిలు, పక్క మండలంలో బడికి వెళ్లే టీచర్లు. వాళ్లందరికీ నేను చెప్పేది ఒక్కటే: టైరు మార్చడం రోడ్డు మీద నేర్చుకోకండి. ఇంటి దగ్గర, పగటిపూట, ఏ తొందరా లేనప్పుడు నేర్చుకోండి.

ఇంటి దగ్గర సాధన

గట్టి, చదునైన నేల చూసుకోండి. మట్టి నేల అయితే జాకీ కింద మందపాటి చెక్క వేయండి. హ్యాండ్ బ్రేకు లాగి, ఫస్ట్ గేరులో ఉంచండి. ఆటోమేటిక్ అయితే పార్క్‌లో. విప్పే చక్రానికి ఐమూలగా ఉన్న చక్రానికి రెండు వైపులా రాళ్లు అడ్డం పెట్టండి. కారులో ఎవరూ కూర్చోకూడదు.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే: ముందు జాకీ ఎత్తి, తర్వాత నట్లు విప్పబోతారు. చక్రం గాల్లో తిరిగిపోతుంది, బలం పెడితే కారు జాకీ మీద నుంచి జారుతుంది. చక్రం నేల మీద ఉండగానే గడియారం తిరిగే దిశకు ఎదురుగా ప్రతి నట్టునూ ఒక్క చుట్టు వదులు చేయండి. ఆ తర్వాతే జాకీ.

జాకీ ఎక్కడ పడితే అక్కడ పెట్టకూడదు. తలుపు కింది అంచున, చక్రానికి దగ్గరగా, చిన్న గుర్తులు ఉంటాయి. వేలితో తడిమి వాటిని ఇప్పుడే చూసి పెట్టుకోండి. కారు ఎత్తాక చేయి గానీ తల గానీ కిందకు పోనివ్వకండి. జాకీ టైరు మార్చడానికే, కింద దూరి పని చేయడానికి కాదు.

వదులు చేసిన నట్లు పూర్తిగా తీసి చక్రం దించండి. స్టెప్నీ ఎక్కించి, నట్టు కోసుగా ఉన్న వైపు చక్రం వైపు ఉండేలా చేత్తో తిప్పండి. చక్రం నేలకు ఆనాక పానాతో బిగించండి, వరసగా కాకుండా ఒకటి బిగించి దానికి ఎదురుగా ఉన్నది. అలా అయితేనే చక్రం సమంగా కూర్చుంటుంది. యాభై అరవై కిలోమీటర్లు తిరిగాక మరోసారి బిగువు చూడండి.

మొదటిసారి గంట పడుతుంది, రెండోసారి సగం చాలు. నట్లు మొండికేస్తే పొడవాటి పానా ఒకటి కొనుక్కోవాలని ఆ రోజే తెలుస్తుంది.

టైరు చెప్పే సంగతులు

డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది. ఎన్ని పాయింట్ల గాలి ఉండాలో అందులో చూడండి. పొద్దున్నే, బండి తీయకముందు కొలిస్తేనే లెక్క సరిగ్గా వస్తుంది; తిరిగిన టైరు వేడెక్కి ఎక్కువ చూపిస్తుంది. గాలి కొట్టించిన ప్రతిసారీ స్టెప్నీ కూడా చూపించండి.

గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే టైరు మార్చాల్సిందే. గాడుల మధ్య చిన్న దిమ్మెలు ఉంటాయి, టైరు పైభాగం వాటితో సమమైతే ఆ టైరు పనయిపోయినట్టే. టైరు పక్కన అచ్చయిన కోడ్‌లో చివరి నాలుగంకెలు అది పుట్టిన తేదీ: 2322 అంటే 2022లో 23వ వారం. టైరు పక్క గోడకు మేకు దిగితే పంక్చర్ వేయించి నడపకండి, మార్చేయండి.

కొత్త కార్లు కొన్నింటిలో స్టెప్నీయే ఉండదు. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, పంక్చర్ కిట్ ఉంటే స్టెప్నీ తప్పనిసరి కాదని 2020లో నిబంధన మార్చారు. కొన్నింటిలో సన్న స్టెప్నీ ఉంటుంది. దాని మీద రాసిన వేగం దాటకండి, పంక్చర్ షాపు దాకానే వాడండి. మీ డిక్కీలో ఏముందో ఈ రోజే తెరిచి చూడండి.

మీరు చేసుకోగలవి, చేయకూడనివి

ఇంజన్ ఆపి కొన్ని నిమిషాలయ్యాక డిప్ స్టిక్ తుడిచి, మళ్లీ ముంచి ఆయిల్ గీత చూడటం. వైపర్ రబ్బర్లు, గాలి ఫిల్టరు, బల్బులు మార్చడం. ఫ్యూజు పోతే అదే ఆంపియర్‌ది వేయడం. ఇవి ఎవరైనా చేసుకోవచ్చు. బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ వైరు ముందు తీయండి, బిగించేటప్పుడు దాన్ని చివర పెట్టండి. ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత విప్పకండి, మరిగే నీళ్లు మొహం మీదకు చిమ్ముతాయి.

బ్రేకులు, స్టీరింగ్, ఎయిర్ బ్యాగులు, టైమింగ్ బెల్టు, ఏసీ గ్యాసు మెకానిక్‌కే వదిలేయండి. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు వైర్ల జోలికి అసలు పోవద్దు. చేతిపని వచ్చినవాడు డబ్బు మిగుల్చుకుంటాడు, కానీ బ్రేకు దగ్గర మిగుల్చుకున్న నాలుగు వందలు ఎవరి ప్రాణానికైనా ముప్పు తేవచ్చు.

రోడ్డు మీద

గాలి పోయిందని తెలియగానే గట్టిగా బ్రేకు వేయకండి. స్టీరింగ్ నిలకడగా పట్టుకుని, వేగం తగ్గించి ఎడమ పక్కకు తీయండి. కుడివైపు టైరు అయితే లారీలు వెళ్లే వైపు కూర్చుని మార్చే సాహసం వద్దు. మెల్లగా వెలుతురున్న దాబాకో, పెట్రోలు బంకుకో నడపండి. టైరు పాడైతే కొత్తది కొనుక్కోవచ్చు. హజార్డ్ లైట్లు వేసి, త్రికోణం హెచ్చరిక పలకను కనీసం యాభై మీటర్ల వెనక నిలబెట్టండి. పిల్లల్ని కారు దింపి రోడ్డుకు దూరంగా నిలబెట్టండి. జాతీయ రహదారి మీద ఇబ్బంది పడితే 1033కు ఫోన్ చేయండి. ఈ నంబరు ఇప్పుడే మీ ఫోన్‌లో దాచుకోండి.

వచ్చే ఆదివారం టిఫిన్ అయ్యాక ఒక గంట కేటాయించండి. కారు నడిపే కూతుర్ని, కొడుకుని, భార్యని, భర్తని పక్కన నిలబెట్టుకుని కాదు, వాళ్ల చేతికే పానా ఇచ్చి నట్లు విప్పించండి. రాత్రి రోడ్డు మీద ఒంటరిగా ఉండేది వాళ్లే కావచ్చు.