కుడివైపు ఆసనం

ప్రయాణికుల విమానపు ముందుభాగాన, మూసిన తలుపు వెనుక ఒక ఇరుకైన గది ఉంటుంది. అందులో రెండు ఆసనాలు. ఎడమవైపు కూర్చొనేవారు కెప్టెన్, కుడివైపు కూర్చొనేవారు కో-పైలట్. రెండింటి నడుమ దూరం చేయి చాపితే అందేటంత. ఆ కొద్దిపాటి దూరాన్ని దాటడానికి మాత్రం కొందరికి నాలుగైదేళ్ళు, మరికొందరికి పదేళ్ళు పడుతుంది. ప్రతిభ ఒక్కటే ఈ తేడాకు కారణం కాదు. తొలినాళ్లలో ఏ ఉద్యోగాన్ని ఎంచుకొన్నారన్నది అంతకన్నా ఎక్కువగా పనిచేస్తుంది.

ఈ విషయానికి హైదరాబాదుతో ముడిపడిన పాత ఉదాహరణ ఒకటి ఉంది. నిజాం ప్రభుత్వం, టాటా సంస్థ కలిసి 1945లో డెక్కన్ ఎయిర్‌వేస్‌ను నెలకొల్పాయి. బేగంపేట విమానాశ్రయం నుంచి దాని డకోటా విమానాలు నడిచేవి. అలహాబాదులో శిక్షణ పొంది 1947లో వాణిజ్య పైలట్ లైసెన్సు సాధించిన ప్రేమ్ మాథుర్ ఉద్యోగం కోసం ఎన్నో సంస్థలకు దరఖాస్తు చేశారు. స్త్రీ అన్న కారణంతో అవి ఆమెను కాదన్నాయి. చివరకు డెక్కన్ ఎయిర్‌వేస్ కో-పైలట్‌గా అవకాశమిచ్చింది. భారతదేశంలో వాణిజ్య విమానం నడిపిన తొలి మహిళగా ఆమె పేరు అలా నిలిచింది.

అయితే కథ అక్కడితో సుఖాంతం కాలేదు. కెప్టెన్ కావడానికి అవసరమైన గంటలను ఆమె పూర్తి చేసినా ఎడమవైపు ఆసనం ఆమెకు దక్కలేదు. అవకాశమిచ్చిన సంస్థే ఆమె ఎదుగుదలకు గోడ కట్టింది. ఆమె ఆ ఉద్యోగాన్ని వదిలి ఢిల్లీకి వెళ్ళి, పారిశ్రామికవేత్త ఘనశ్యామదాస్ బిర్లా సొంత విమానానికి పైలట్ అయ్యారు. 1953లో డెక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది సంస్థలు విలీనమై ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏర్పడిన తరువాత అందులో చేరారు. పేరున్న సంస్థను విడిచి ఒక వ్యక్తి సొంత విమానాన్ని నడపడానికి వెళ్ళడం పైకి వెనుకడుగులా కనిపిస్తుంది. కాని కుడివైపు ఆసనంలోనే ఉండిపొమ్మన్న చోట ఇంకెన్నేళ్ళు ఉన్నా ఆమెకు ఒరిగేదేమీ లేదు.

నేటి యువతరం ముందున్న చిక్కు వేరు. భౌతిక, గణిత శాస్త్రాలతో ఇంటర్మీడియట్ పూర్తిచేసి, పద్దెనిమిదేళ్ళు నిండి, వైద్య పరీక్షలలో నెగ్గి, పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అనగా డీజీసీఏ నిర్వహించే పరీక్షలు గట్టెక్కి, 200 గంటలు విమానం నడిపినవారికి వాణిజ్య పైలట్ లైసెన్సు లభిస్తుంది. దీనికి అరకోటి రూపాయలకు అటూ ఇటూగా ఖర్చవుతుంది. చాలామంది లైసెన్సు చేతికి రాగానే లక్ష్యం చేరామనుకొంటారు. నిజానికి విమానయాన సంస్థలో కెప్టెన్ కావాలంటే ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్సు కావాలి. దానికి ఇరవై ఒక్క ఏళ్ళ వయసు, 1500 గంటల అనుభవం ఉండాలి. 200కూ 1500కూ నడుమ ఉన్న ఆ 1300 గంటలను ఎక్కడ గడపాలన్నదే అసలు ప్రశ్న.

కోస్తా జిల్లాలోని ఒక ఉపాధ్యాయుని ఇంటి అమ్మాయి ఈ కూడలిలో నిలిచిందనుకోవచ్చు. తండ్రి ఉన్న కొద్దిపాటి పొలాన్ని తాకట్టు పెట్టి ఆమెను చదివించాడు. నెలనెలా బ్యాంకు వాయిదా తప్పదు. ఆమె ముందు మూడు దారులున్నాయి. శిక్షణ ఇచ్చిన ఫ్లైయింగ్ స్కూలు, అదనపు అర్హత సంపాదించి తమ వద్దే శిక్షకురాలిగా ఉండమంటోంది. చిన్న పట్టణాలకు ఏటీఆర్ విమానాలు నడిపే సంస్థ తన ఖర్చుతోనే శిక్షణ ఇస్తామంటూ, బదులుగా కొన్నేళ్ళ బాండు అడుగుతోంది. పెద్ద జెట్ విమానాల సంస్థ ఎక్కువ జీతం చూపుతోంది. అయితే టైప్ రేటింగ్ ఖర్చు అభ్యర్థే భరించాలి. ఫలానా రకం విమానాన్ని నడపడానికి ప్రత్యేకంగా పొందవలసిన అర్హతనే టైప్ రేటింగ్ అంటారు. దానికి పది లక్షల రూపాయలకు పైనే అవుతుంది.

ఇరుగుపొరుగువారిని అడిగితే జెట్టే మేలంటారు. పెళ్ళిచూపుల్లో చెప్పుకోవడానికి కూడా అదే బాగుంటుంది! కాని పైలట్ ఎదుగుదలను కొలిచేది లాగ్‌బుక్. అందులో ఎన్ని గంటలున్నాయన్నదే కాక అవి ఎలాంటి గంటలన్నది కూడా చూస్తారు.

ఏటీఆర్-72 డెబ్బై మంది ప్రయాణికులను మోసే టర్బోప్రాప్ విమానం. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో సాగుతుంది. 25,000 అడుగులకు మించి పైకి పోదు. జెట్ విమానం 35,000 అడుగులు దాటి చాలా మబ్బులను కిందికి వదిలేస్తే, ఏటీఆర్ వాటి నడుమనుంచే దారి వెదుక్కోవాలి. పొట్టి రన్‌వేలు, ఎదురుగాలులు, వానాకాలపు మేఘాలు దానికి నిత్యకృత్యం. పైగా దాని ప్రయాణాలు చిన్నవి. ఒక్కో ప్రయాణం సుమారు గంట అనుకొంటే 100 గంటలలో 100 సార్లు విమానం నేల దిగుతుంది. రెండున్నర గంటల దూరాలకు తిరిగే జెట్ అదే 100 గంటలలో 40 సార్లు మాత్రమే దిగుతుంది. ఇద్దరు పైలట్లు వంతులవారీగా నడిపితే ఏటీఆర్‌లో ఆ అమ్మాయి వంతుకు యాభై, జెట్‌లో ఇరవై. విమానాన్ని నేలకు దించడం పైలట్ విద్యలో అతి సున్నితమైన పని కనుక ఈ తేడా చిన్నది కాదు.

ఇక శిక్షకురాలి ఉద్యోగం. జీతం తక్కువ, వానాకాలంలో పని మందగిస్తుంది, విమానం చూస్తే చిన్న సెస్నా. అందువల్ల చాలామంది దీనిని చేతకానివారి దారిగా చూస్తారు. అది పొరపాటు. శిక్షకురాలు ఎగిరే ప్రతి గంటా కమాండ్ గంటగా, అనగా విమాన బాధ్యత మొత్తం తనదే అయిన గంటగా నమోదవుతుంది. విద్యార్థి చేసే తప్పును ఎంతవరకు చూస్తూ ఊరుకోవాలో, ఏ క్షణాన తన చేతిలోకి తీసుకోవాలో అక్కడే అలవడుతుంది. కెప్టెన్‌కు కావలసిన గుణం సరిగ్గా ఇదే.

అమెరికాలో ఈ దారికి చట్టబలం కూడా తోడైంది. 2009 ఫిబ్రవరి 12న బఫెలో నగరం సమీపంలో కోల్గన్ ఎయిర్ సంస్థకు చెందిన టర్బోప్రాప్ విమానం కూలి 50 మంది మరణించారు. దాని పర్యవసానంగా, కొన్ని మినహాయింపులతో, కో-పైలట్‌కు సైతం 1500 గంటల అనుభవం ఉండాలన్న నిబంధన 2013లో వచ్చింది. అక్కడి యువ పైలట్లలో అనేకులు ఆ గంటల కోసం ముందుగా శిక్షకులవుతారు. విచిత్రమేమిటంటే, కూలిన విమానంలోని పైలట్లు ఇద్దరికీ 1500 గంటలకు మించిన అనుభవమే ఉంది. వేగం తగ్గి విమానం పట్టు తప్పుతున్నదని హెచ్చరిక వచ్చినప్పుడు కెప్టెన్ ముక్కును దించడానికి బదులు పైకెత్తాడు. గంటల లెక్క ఆ క్షణాన ఆదుకోలేదు.

సంస్థ ఆర్థిక స్థితి మరొక సంగతి. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో, గో ఫస్ట్ 2023 మేలో సేవలు నిలిపివేశాయి. జీతాలు బకాయి పడి పైలట్లు రోడ్డున పడ్డారు. అటువంటి వేళ చేతిలో ఉన్న టైప్ రేటింగ్‌కు గిరాకీ ఉన్నదా లేదా అన్నదే బతుకును నిర్ణయిస్తుంది. మన దేశంలో ఎయిర్‌బస్ ఎ-320 తరగతి విమానాలు వందల సంఖ్యలో ఉన్నాయి గనుక ఆ రేటింగ్ ఉన్నవారికి తలుపులు ఎక్కువ. ఏటీఆర్ నడిపే సంస్థలు కొద్ది. జెట్ వైపు వాదనలో బలమైనది ఇదే. జీతం కన్నా దీనినే ముందు చెప్పాలి.

కాని పెద్ద సంస్థలో సీనియారిటీ వరుస కూడా పెద్దదే. కొత్త విమానాలు వస్తూ ఉంటే వరుస చకచకా కదులుతుంది. రాక ఆగితే 1500 గంటలు నిండినా ఏళ్ళ తరబడి కుడివైపే కూర్చోవాలి. మధ్యలో సంస్థ మారితే కొత్తచోట వరుస చివరనుంచి మొదలు. మారడమూ సులభం కాదు. కో-పైలట్ ఆరు నెలల ముందు, కెప్టెన్ ఏడాది ముందు రాజీనామా నోటీసు ఇవ్వాలని డీజీసీఏ 2017లో నిర్దేశించింది. అందుచేత బాండు కాగితంలోని ప్రతి పంక్తిని, ముఖ్యంగా మధ్యలో వదిలిపోతే చెల్లించవలసిన మొత్తాన్ని, సంతకానికి ముందే చదవాలి. సంతోషంలో ఉన్నవారు సాధారణంగా చదవనిది ఆ కాగితాన్నే.

ఉపాధ్యాయుని కుమార్తె ఏ దారిన వెళ్ళాలి? అప్పు లేని ఇంట పుట్టి ఉంటే ఏడాదిపాటు శిక్షకురాలిగా ఉండి, ఆ కమాండ్ గంటలతో విమాన సంస్థ తలుపు తట్టడం మంచిదయ్యేది. పొలం తాకట్టులో ఉన్న ఇంటికి ఆ ఏడాది భారమే. మరో పది లక్షలు అప్పు చేసి జెట్ రేటింగ్ తెచ్చుకొన్నాక సంస్థ పిలుపు ఆలస్యమైతే రెండు వాయిదాలు మీద పడతాయి. ఆమె పరిస్థితిలో ఏటీఆర్ ఉద్యోగమే సరైనది. రేటింగ్ ఖర్చు సంస్థది, నేలకు దిగే అనుభవం ఎక్కువ, చిన్న సంస్థ గనుక వరుస పొట్టిది. బాండు ముగిసేనాటికి చేతిలో కమాండ్ గంటలు కూడా ఉంటే, జెట్ సంస్థకు ఆమె వెళ్ళేది కొత్త లైసెన్సుతో కాదు, కెప్టెన్ అనుభవంతో.

ఏటీఆర్ కాక్‌పిట్‌లో ఒక విశేషముంది. నేలమీద ముందుచక్రాన్ని తిప్పే చిన్న పిడి ఎడమవైపు మాత్రమే ఉంటుంది. ఆకాశంలో ఎన్ని వందలసార్లు విమానాన్ని నడిపినా, కో-పైలట్ దానిని రన్‌వే నుంచి మలుపు తిప్పి నిలుపుచోటికి చేర్చలేదు. ఆసనం మారిన తొలిరోజున ఆ పిడి ఆమె ఎడమచేతికి అందుతుంది.