నీటిమీద వాలని సముద్రపక్షి

సముద్రపక్షి అనగానే అలలపై తేలుతూ చేపలు పట్టే పక్షి మన మనసులో మెదులుతుంది. కాని ఉష్ణమండల సముద్రాలపై తిరిగే ఫ్రిగేట్ పక్షి నీటిమీద వాలదు. ఎందుకని?

బాతును గమనించండి. అది తోక మొదట్లోని గ్రంథి నుంచి వచ్చే నూనెను ముక్కుతో ఈకలకు పూసుకుంటుంది. ఫ్రిగేట్ పక్షిలో ఈ గ్రంథి చాలా చిన్నది. ఈకలు తడిస్తే బరువెక్కుతాయి. కాళ్ళు పొట్టివి కనుక నీటిని తన్నుకుని పైకి లేవడం కష్టం.

మరి తిండి ఎలా? ఎగిరే చేపలను గాలిలోనే పట్టుకుంటుంది. ఇతర పక్షులను వెంటాడి, అవి మింగిన ఆహారాన్ని కక్కేదాకా వేధించి, అది నీటిలో పడేలోపే అందుకుంటుంది.

దీని బరువు సుమారు ఒకటిన్నర కిలోలు. చాచిన రెక్కల పొడవు 2 మీటర్లకు పైనే! అందుచేత వేడెక్కి పైకి లేచే గాలి ఊతంతో, రెక్కలు ఆడించకుండానే ఎత్తుకు చేరుతుంది. అక్కడినుంచి మెల్లగా జారుతూ దూరం సాగుతుంది. ఇలా వారాల తరబడి నేల తాకకుండా ఉండగలదు.

నిద్ర సంగతి? గాలపాగస్ దీవులలో శాస్త్రజ్ఞులు ఈ పక్షుల తలలకు చిన్న పరికరాలు అమర్చారు. ఎగురుతున్నప్పుడు రోజుకు సగటున 42 నిమిషాలే, అదీ కొన్ని సెకన్ల కునుకులుగా నిద్రపోతున్నాయని 2016లో ప్రకటించారు.

ఈ కుటుంబంలో 5 జాతులున్నాయి. ఆడపక్షి ఒకే గుడ్డు పెడుతుంది. పిల్ల ఎగరడం నేర్చాక కూడా నెలల తరబడి తల్లే మేపాలి. ఒక జాతి హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ దీవిలో మాత్రమే గూళ్ళు కడుతుంది. ఫాస్ఫేట్ గనుల కోసం అక్కడి అడవిలో కొంత నరికివేయగా గూళ్ళకు తావు తగ్గింది. ఆకాశం ఎంత విశాలమైనా, గుడ్డు పెట్టడానికి చెట్టు కావాలి కదా!