గిటారు ధ్వనిని కంప్యూటరులో భద్రపరచుట – ఒక పరిశీలన

శబ్దం ఒక శక్తి స్వరూపమని, యానకం లేనిదే అది ప్రయాణించదని మనం హైస్కూలులోనే చదువుకున్నాం. పుట్టిన మరుక్షణమే మాయం కావడం కూడా శబ్దానికున్న గుణమే. దాన్ని పట్టి నిలిపే విద్యనే రికార్డింగు అంటున్నాం. ఒకప్పుడు ఈ పనికి హైదరాబాదో, మద్రాసో పోవలసి వచ్చేది. నేడు నిజామాబాదులోని ఒక అద్దె గదిలో లాప్‌టాపు, మైకు, అరచేతంత యు.ఎస్.బి. ఆడియో పెట్టె ఉంటే చాలు, పని జరుగుతుంది. కాని మొదలుపెట్టిన ప్రతివారూ మూడు ఫిర్యాదులు చెబుతారు. వాయించింది ఆలస్యంగా వినిపిస్తున్నది, మధ్యలో టిక్కుటిక్కుమంటున్నది, వెనుక గుర్రుమంటున్నది అని. ఈ మూడింటికీ జవాబు మన భౌతికశాస్త్రంలోనే ఉన్నది. దాన్ని సులభంగా వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తీగ నుండి మైకు దాకా

ఎలక్ట్రిక్ గిటారు తీగల కింద పికప్ అనే భాగం ఉంటుంది. అది అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టిన కాయిలు. ఉక్కు తీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం మారి కాయిలులో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమే ఇది. మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ (1969–2014) కర్ణాటక సంగీతాన్ని ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద పలికించి ప్రపంచాన్ని మెప్పించింది కూడా ఈ సూత్రం ఆధారంగానే.

ఈ చిన్న విద్యుత్తును ఆంప్లిఫయరు పెంచి స్పీకరుకు ఇస్తుంది. స్పీకరు ఎదుట మైకు పెట్టి ఆ శబ్దాన్ని మళ్లీ విద్యుత్తుగా మారుస్తాం. మైకును స్పీకరు జాలీకి రెండు మూడు అంగుళాల దూరంలో ఉంచాలి. కోను నడిమధ్యకు గురిపెడితే శబ్దం పదునుగా, అంచు వైపు జరిపితే మెత్తగా వస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆంప్లిఫయరులో స్పీకరుకు పోయే వైరును నేరుగా ఆడియో పెట్టెకు కలుపరాదు. 50 వాట్లు, 8 ఓములు అనుకుంటే వోల్టేజి 20 వోల్టులు అవుతుంది. మైకు నుండి వచ్చేది వోల్టులో కొన్ని వేల వంతులే. అంత సన్నని కాలువలోకి ఇంత వరద వదిలితే గట్టు తెగుతుంది, పెట్టె కాలిపోతుంది.

శబ్దం అంకెలుగా మారుట

కంప్యూటరుకు అంకెలు తప్ప మరేమీ తెలియవు. కాబట్టి ఆడియో పెట్టె ఆ విద్యుత్తును సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. ఇన్నిసార్లు ఎందుకంటే, మనిషి చెవి వినగలిగే గరిష్ఠ పౌనఃపున్యం సుమారు 20,000 హెర్ట్‌జులు. దానికి రెండింతలకు మించి కొలిస్తేనే అసలు తరంగాన్ని తిరిగి నిర్మించగలం. కొలతకు 16 బిట్లు వాడితే 65,536 మెట్లు, 24 బిట్లు వాడితే 1,67,77,216 మెట్లు దొరుకుతాయి. పై మెట్టు దాటిన శబ్దానికి అంకె లేదు, అది తెగిపోయి బొంగురుగా వినిపిస్తుంది. అందుకే 24 బిట్లు పెట్టుకొని, గట్టిగా వాయించినప్పుడు కూడా ముల్లు మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర ఆగేటట్టు చూసుకోవాలి.

డ్రైవరు – హౌజు లెక్క

పెట్టెకు, కంప్యూటరుకు నడుమ మాట కలిపే దుబాసి వంటి ప్రోగ్రామునే డ్రైవరు అంటారు. యు.ఎస్.బి.లో శబ్దం ప్రయాణించే పద్ధతికి ఒక ప్రత్యేకత ఉన్నది. ఫైళ్లను పంపేటప్పుడు ఒక ముక్క పాడైతే మళ్లీ పంపుతారు. శబ్దానికి ఆ సావకాశం లేదు. సమయానికి అందితే అందినట్టు, లేకుంటే పోయినట్టే. ఆ పోయిన ముక్కే మనకు ‘టిక్కు’ మని వినిపిస్తుంది.

దీనికి విరుగుడుగా డ్రైవరు ‘బఫరు’ అనే నిలువను పెట్టుకుంటుంది. వ్యవసాయం చేసే ఇళ్లవాళ్లకు ఇది కొత్త కాదు. బోరు నీళ్లను ముందు హౌజులో నింపి తర్వాత తూము తీస్తాం గదా! హౌజు చిన్నదైతే నీళ్లు త్వరగా మడికి చేరుతాయి, కాని బోరు ఒక్క క్షణం ఎత్తిపోయకున్నా పారకం తెగుతుంది. పెద్దదైతే పారకం తెగదు, కాని హౌజు నిండే దాకా మడి ఎదురుచూడాలి.

లెక్క చూడండి. బఫరు 1,024 కొలతలైతే, దాన్ని 44,100తో భాగిస్తే సుమారు 23 మిల్లీసెకన్లు. పోవడానికి ఒకటి, తిరిగి రావడానికి ఒకటి, మొత్తం 46. మన ఎండాకాలపు గాలిలో శబ్దవేగం సెకనుకు సుమారు 350 మీటర్లు. అంటే తాను వాయించింది 16 మీటర్ల అవతలి నుండి విన్నట్టు ఉంటుంది, తాళం ఎట్లా కుదురుతది? బఫరును 128కి తగ్గిస్తే ఆ దూరం రెండు మీటర్లే. అందుకే వాయించేటప్పుడు చిన్న బఫరు, తర్వాత కూర్చొని శబ్దాన్ని సరిదిద్దేటప్పుడు పెద్ద బఫరు పెట్టుకోవాలి.

విండోసులో మామూలు దారిన పోయే శబ్దం అన్ని ప్రోగ్రాముల శబ్దాలతో కలిసి నడుస్తుంది, ఆలస్యమవుతుంది. స్టైన్‌బర్గ్ సంస్థ 1997లో తెచ్చిన ఆసియో పద్ధతి ఆ రద్దీని తప్పించి అడ్డదారిన తీసుకుపోతుంది. కనుక విండోసు వాడేవారు పెట్టె తయారుచేసిన కంపెనీ ఇచ్చే ఆసియో డ్రైవరునే వేసుకోవడం మంచిది. యు.ఎస్.బి. ప్రమాణాల ప్రకారం తయారైన పెట్టెలు మాకింతోషు, లినక్సులలో వేరే డ్రైవరు లేకుండానే పనిచేస్తాయి.

గుర్రు శబ్దం – ప్రాణం విలువ

ఇక మూడవ ఫిర్యాదు. మన కరెంటు 50 హెర్ట్‌జులది. ఆంప్లిఫయరు ఒక సాకెట్టులో, లాప్‌టాపు చార్జరు ఇంకో సాకెట్టులో ఉంటే వాటి ఎర్తు వైర్ల నడుమ ఒక వలయం ఏర్పడి 50, 100 హెర్ట్‌జుల గుర్రు పుడుతుంది. రెండింటినీ ఒకే ఎర్తు ఉన్న బోర్డుకు పెట్టాలి. లేదా చార్జరు తీసి బాటరీ మీద రికార్డు చేయాలి.

కొందరు మాత్రం గుర్రు పోవాలని ప్లగ్గు మూడవ పిన్ను తీసేస్తరు. గుర్రు పోతుంది, దానితోపాటు రక్షణ కూడా పోతుంది. గిటారు వాయించేవాని చేయి తీగల ద్వారా ఆంప్లిఫయరు చాసిస్‌కు, పెదవులు మైకుకు తగులుతూ ఉంటాయి. రెంటిలో ఏ ఒక్కదానికి ఎర్తు లేక కరెంటు ఎక్కినా అది గుండె మీదుగానే పోతుంది. 1972లో స్కాట్లండు గిటారిస్టు లెస్ హార్వే స్వాన్సీ నగరంలో వేదిక మీదనే ఎర్తు సరిగా లేని మైకును పట్టుకొని చనిపోయాడు. తడి మడిలో నిలబడి మోటరు స్టార్టరు ముట్టుకొని మనుషులు పోవడం మన ఊళ్లకు తెలియనిది కాదు, ఇదీ అటువంటిదే. కాబట్టి బొగ్గు, ఉప్పు వేసి తీసిన ఎర్తు గుంత, 30 మిల్లీఆంపియర్లకు పడిపోయే ఆర్.సి.సి.బి. స్విచ్చి – ఈ రెండూ లేని చోట, ముఖ్యంగా వినాయక మండపాల వద్ద తాత్కాలికంగా లాగిన వైర్ల మీద, గిటారు పట్టరాదు.

ముగింపు

ఈ విద్య గిటారుకే పరిమితం కాదు. బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో ఆగిపోయింది. మా వయసు వాళ్లకు ఆ ఫ్యాక్టరీ చిన్ననాటి జ్ఞాపకం, ఇప్పటి బడిపిల్లలకు అది కూడా లేదు. నాట్ల నాడు పొలాల్లో పాడిన పాటలు, పెద్దమనుషుల బతుకమ్మ పాటలు కూడా అదే బాట పట్టకముందే, గిటారు కోసం కొన్న ఆ మైకును సెలవుల్లో ఊరికి తీసుకుపోదాం. అమ్మమ్మల గొంతుకు ఆంప్లిఫయరు అక్కర లేదు, బఫరు లెక్క కూడా అక్కర లేదు. ఎదుట కూర్చొని వినే ఓపిక ఒక్కటి ఉంటే చాలు.