క్వెవ్రి: భూమిలో పండే జార్జియా అంబర్ వైన్

జార్జియా అనగానే చాలామంది అభ్యర్థులు అమెరికా రాష్ట్రం అనుకుని మార్కు పోగొట్టుకుంటారు. ఇది కాకసస్ పర్వతాల దగ్గర, నల్లసముద్రం ఒడ్డున ఉన్న దేశం. రాజధాని టిబిలిసి, కరెన్సీ లారి.

క్వెవ్రి అంటే కోడిగుడ్డు ఆకారంలో కాల్చిన పెద్ద మట్టి కాగు. లోపల తేనెమైనం పూస్తారు. మెడ దాకా నేలలో పాతిపెడతారు, మూతి మాత్రమే పైకి కనిపిస్తుంది. వీటిని పాతి ఉంచే గది పేరు మరాని. తెల్ల ద్రాక్షను తొక్కి, రసంతోపాటు తొక్కలు, గింజలు, కాడలు కూడా ఇందులో పోస్తారు. ఈ పిప్పి పేరు చాచా. రసం పులుస్తున్నన్నాళ్లూ పైకి తేలిన తొక్కలను కర్రతో కిందికి నొక్కుతూనే ఉండాలి. తర్వాత మూత బిగించి అయిదారు నెలలు కదపరు. నేల చల్లదనమే దాన్ని కాపాడుతుంది. తేనెరంగు, నాలుకకు తగిలే వగరు రెండూ తొక్కల నుంచే వస్తాయి. అసలు కిటుకు ఇదే, బాగా గుర్తుంచుకోండి.

కఖేతి ప్రాంతం, ర్కాత్సితేలి ద్రాక్ష ఈ వైన్‌కు పేరుపొందాయి.

టిబిలిసికి దక్షిణాన గదాచ్రిలి గోరా, షులవేరిస్ గోరా తవ్వకాల్లో దొరికిన కుండపెంకులపై ద్రాక్షసారా ఆనవాళ్లు సుమారు క్రీ.పూ. 6000 నాటివని 2017లో వెల్లడైంది.

యునెస్కో అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో ఈ క్వెవ్రి పద్ధతి చేరిన ఏడాది 2013. మన మణిపూర్ సంకీర్తనకూ అదే ఏడాది చోటు దక్కింది. జతపరిచే ప్రశ్నకు ఈ రెండూ కలిపి చదవండి.