ఆదివారం కూరలు గురువారం ఎవరు తినాలి?

సమస్య

మాది హైదరాబాద్, నిజాంపేట. నేను ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మా వారివి షిఫ్టులు. పాప ఆరో తరగతి, ఏడుంపావుకల్లా స్కూలు బస్సు వచ్చేస్తుంది. అత్తయ్యగారు మాతోనే ఉంటారు. పొద్దున్నే మూడు బాక్సులు సర్దలేక, నిరుటి నుంచి వారానికి సరిపడా కూరలు ఆదివారమే వండి ఫ్రిజ్‌లో పెట్టడం మొదలుపెట్టాను. చూసిన స్నేహితురాళ్లు "యూట్యూబ్‌లో పెట్టవే" అన్నారు. పెట్టాను.

మొదట్లో సరదాగానే ఉండేది. ఇప్పుడు ఆదివారం వస్తోందంటేనే గుండె గుభేలుమంటోంది. శనివారం రాత్రే అన్నీ తరిగి గాజు గిన్నెల్లో అందంగా సర్దాలి. తెల్లారి అయిదు కూరలు, రెండు రకాల పప్పు, సాంబారు, కాస్త నిమ్మకాయ పులిహోర. ఫోకస్ కుదరక ప్రతి తాలింపూ రెండుసార్లు వేస్తున్నాను. ఇంత వండీ మధ్యాహ్నం మూడింటికి బయటి నుంచి బిర్యానీ తెప్పించుకుంటున్నాం. బుధవారానికి బెండకాయ వేపుడు మెత్తబడిపోతోంది, పాప బాక్సు సగం వెనక్కి తెస్తోంది. అత్తయ్యగారైతే ఫ్రిజ్‌లోవి ముట్టుకోరు. "నిల్వ కూరలు నాకొద్దమ్మా" అని కందిపొడి, నెయ్యి కలుపుకుని లేచిపోతారు. ఆవిడకు విడిగా వండాల్సి వస్తే ఈ తిప్పలన్నీ ఎందుకండీ?

పోనీ చానెల్ అయినా పెరిగిందా అంటే నాలుగు వందల సబ్‌స్క్రైబర్ల దగ్గర ఆగిపోయింది. కష్టపడి తీసినవాటికి వందా నూటయాభై వ్యూస్. ఒకసారి పులిసిన దోశపిండితో పుణుగులు వేస్తుంటే పాప ఫోన్‌లో తీసింది. ఊరికే పెట్టేశాను. దానికి పదకొండు వేలు! ఎందుకో అర్థం కాలేదు.

ఉద్యోగం మానేసి ఏడాదిపాటు దీనిమీదే కూర్చుంటే పైకొస్తానా? రింగ్ లైటు, ఇంకో సెట్టు గాజు డబ్బాలు కొందామనుకుంటున్నాను. మా వారు ఔననరు, కాదనరు.

– ఒక పాఠకురాలు

సలహా

ఉద్యోగం మానకండి. ఈ ముక్క ముందే చెప్పేస్తే మిగతాది స్థిమితంగా మాట్లాడుకోవచ్చు.

లెక్కలు చూసేవారు కదా, మీ భాషలోనే చెబుతాను. మామూలు వీడియోల మీద ప్రకటనల డబ్బులో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలని యూట్యూబ్ నిబంధన. నాలుగు వేల గంటలంటే 2,40,000 నిమిషాలు. వచ్చినవాళ్లు తలా మూడు నిమిషాలు చూశారనుకున్నా 80,000 సార్లు చూడాలి. గంటల సంగతి వద్దు, షార్ట్స్‌తోనే గట్టెక్కుతానంటే 90 రోజుల్లో కోటి వ్యూస్ కావాలి. ఇదంతా గుమ్మం దాటడానికే. దాటిన నెలనుంచే మీ జీతమంత వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

మీరు పంపిన వీడియోలు కూర్చుని చూశాను. చిక్కు చానెల్‌లో లేదు, ఆ అయిదు కూరల్లో ఉంది. ముందుగా చేసి పెట్టుకోవడం మన వంటింటికి కొత్తేం కాదు. పొడులు కొట్టుకున్నాం, ఊరగాయలు పెట్టుకున్నాం, వడియాలు ఎండబెట్టుకున్నాం, పిండి రుబ్బి ఉంచుకున్నాం. అవన్నీ నిలవుండేవి, లేదా సగం వంటలు. అంతేగానీ బెండకాయ వేపుడు నాలుగు రోజులకు సరిపడా ఎవరూ చేసి పెట్టలేదు. వేపుడు బాండీలోంచి దిగిన గంటకే నీరసపడిపోతుంది. దాన్ని వేడివేడిగా డబ్బాలో పెట్టి మూత బిగిస్తున్నారు మీరు. మూతకు పట్టిన ఆవిరి చుక్కలుగా మళ్లీ ముక్కల మీదే రాలుతోంది, మీ వీడియోలో స్పష్టంగా కనబడింది. పాప బాక్సు వెనక్కి తేవడంలో దాని తప్పేమీ లేదు.

అందుకని ఆదివారం కూరలు వండకండి. కూరకు కావలసినవి చేసి పెట్టుకోండి. చింతపండు నానేసి గుజ్జు తీసి, ఉప్పూ, పసుపూ, నూనె వేసి, దగ్గరపడి నూనె తేలేదాకా ఉడికించి సీసాకెత్తి ఫ్రిజ్‌లో పెట్టండి. వారమంతా చారుకీ, పులుసుకీ, పులిహోరకీ అదే. కందిపప్పు పసుపు వేసి ఉడికించి, తాలింపు పెట్టకుండా ఉంచండి. సోమవారం టమాటా వేస్తే పప్పు, మంగళవారం ముక్కలు వేస్తే సాంబారు, అక్కడితో సరి. అల్లంవెల్లుల్లి ముద్ద కొంచెం ఫ్రిజ్‌లో ఉంచి మిగతాది ఐస్ ట్రేలో గడ్డకట్టించండి. నూనె పోశాం కదా అని వెల్లుల్లి ముద్దను గట్టు మీద వదిలేయొద్దు, నూనె కింద గాలి తగలని చోట ప్రమాదకరమైన బ్యాక్టీరియా పెరగగలదు. బెండకాయలు కడిగి, ఒక్క చుక్క తడి లేకుండా ఆరాకే కోసి, డబ్బా అడుగున పొడిగుడ్డ పరవండి. రెండు రోజులు బాగుంటాయి. వంకాయ మాత్రం పొయ్యి వెలిగించాకే కోయాలి, లేకపోతే నల్లబడుతుంది. ఆకుకూర కడగకుండా, వేళ్లు కోసేసి, గుడ్డలో చుట్టి పెట్టండి. ఇక ఎండుకొబ్బరి, వెల్లుల్లి వేసి కొట్టిన కూరకారం ఒక సీసా. దొండకాయైనా బీరకాయైనా మగ్గాక రెండు చెంచాలు చల్లి దింపడమే. పొద్దున పొయ్యి దగ్గర పావుగంట చాలు.

ఇప్పుడు మీ అత్తయ్యగారి తరఫున ఒక మాట. ఆవిడది చాదస్తమని మీరు రాయలేదు గానీ, వాక్యాల వెనక వినిపించింది. ఆవిడ చెప్పిందాంట్లో చాలా నిజముంది. వండిన పదార్థాలు 4 డిగ్రీలకు మించని చల్లదనంలో పెట్టినా మూడు నాలుగు రోజులకు మించి ఉంచొద్దనేదే ఆహార భద్రత నిపుణుల మాట. ఆ లెక్కన ఆదివారం కూర శుక్రవారం బాక్సులోకి రాకూడదు. అన్నం ఇంకా జాగ్రత్త. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు బియ్యంలో ఉంటాయి, ఉడికినా చావవు. వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి పెరిగి విషం పుట్టిస్తాయి. మళ్లీ ఎంత వేడి చేసినా ఆ విషం పోదు. మీ పులిహోర గిన్నె షూటింగ్ మొదట్లోనే గట్టెక్కి, ఆఖరి షాట్‌లో కూడా అక్కడే ఉంది! రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పడాలి, మన ఎండాకాలంలో గంటలోపే. వెడల్పు పళ్లెంలో పలుచగా ఆరబోస్తే త్వరగా చల్లారుతుంది.

ఆవిడకు కావలసింది అప్పటికప్పుడు వేసిన తాలింపు. సగం వంట పద్ధతిలో అది రోజూ పడుతుంది. విడిగా వండాల్సిన పనే ఉండదు.

చానెల్ సంగతికొద్దాం. పదకొండు వేల మంది పుణుగులకు ఎందుకొచ్చారో మీకు అర్థం కాలేదన్నారు. గురువారం రాత్రి ఫ్రిజ్ తీసి, పొంగి పులిసిన పిండి గిన్నెను చూసి ఏం చెయ్యాలా అని తల గోక్కునే ఇళ్లు ఎన్ని లేవు! వాళ్లకు మీరు దారి చూపించారు. అందులో పిండి మరీ జారుగా ఉందని రెండు చెంచాల బొంబాయి రవ్వ కలిపి, పది నిమిషాలు ఆగి, మొదటి పుణుగు నూనె పీలిస్తే ఇంకో చెంచా కలిపారు. ఆ మొదటి పుణుగు చూపించారు చూశారా, అదే జనం నిలబడి చూసింది. మీ ఆదివారం వీడియోలోనేమో మొదటి రెండు నిమిషాలూ డబ్బాలు తుడవడం, వెనకాల ఏదో సంగీతం. అదయ్యేదాకా ఎవరుంటారమ్మా?

కెమెరా కోసం వండటం మానేసి, ఎలాగూ వండేదాన్నే తీయండి. వారానికి ఒక్కటి చాలు. చింతపండు గుజ్జుతో మంగళవారం చారు, మిగిలిన పప్పుతో రెండోరోజు సాంబారు, ఏడుంపావు బస్సుకు దొండకాయ వేపుడు. పేరు కూడా అవసరాన్నిబట్టే పెట్టండి. "వారం మొత్తం మీల్ ప్రెప్" అని పెట్టేవాళ్లు బోలెడుమంది. "ఉడికించిన పప్పుతో రెండు రోజులు" అంటే కావలసినవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. తాలింపు ఒక్కసారే వేయండి, ఫోకస్ తప్పితే తప్పింది. "తగినంత ఉప్పు" అనకండి, ఎన్ని చెంచాలో చెప్పండి. గ్లాసు అంటే మీ ఇంటి గ్లాసులో ఎన్ని మిల్లీలీటర్లు పడతాయో కొలిచి చెప్పండి. మెత్తబడ్డ బెండకాయ వేపుడు కూడా చూపించి, ఎందుకలా అయిందో చెప్పండి. ఇలా ఓ ఏడాది చేశాక లెక్క చూసుకోవచ్చు. అప్పటికి గుమ్మం దాటకపోయినా పాప బాక్సు ఖాళీ అవుతుంది. మీ వారి మౌనం గురించి నాకు పెద్ద బెంగ లేదు. ఆదివారం ఒంటిగంటకు వేడన్నం వడ్డించి చూడండి, మాట అదే వస్తుంది.

రింగ్ లైటు కొనకండి. మస్తానమ్మగారనే పెద్దావిడ వందేళ్లు దాటిన వయసులో ఆరుబయట కట్టెలపొయ్యి ముందు కూర్చుని పుచ్చకాయలో కోడికూర వండితే యూట్యూబ్‌లో ప్రపంచమంతా చూసింది. 2018లో ఆవిడ పోయారని తెలిసి ఎక్కడెక్కడివాళ్లో బాధపడ్డారు. మీ వంటింటి కిటికీ తూర్పుకే ఉన్నట్టుంది, పొద్దుటి వెలుతురు చాలు. గాజు డబ్బాలు ఇప్పటికే ఎక్కువయ్యాయి. డబ్బులు పెట్టి తీరాలంటే చొక్కాకు తగిలించుకునే చిన్న మైకు కొనుక్కోండి. మిక్సీ మోతలో మీరు చెప్పిన కొలతలు ఒక్కటీ వినపడలేదు. లేదంటే మిక్సీ ఆపాక మాట్లాడండి, దానికి ఖర్చు కూడా లేదు.