‘ఎనీథింగ్’ అని అడిగితే

చందర్లపాడు నుంచి పిల్లలు అమెరికా వెళ్తున్నారంటే పెట్టె సర్దే రోజున ఇల్లంతా సందడే. పక్కింటి పిన్నిగారు ఆవకాయ డబ్బా తెస్తారు. వరసకు బాబాయి ఒకాయన కారప్పొడి పొట్లం చేతిలో పెట్టి, "మా అబ్బాయికి ఇవ్వమ్మా, అక్కడే ఉంటాడు" అంటాడు. నందిగామ దాటి హైవే ఎక్కేసరికి పెట్టెలో ఎవరిది ఏముందో మీకే గుర్తుండదు.

ఎయిర్‌పోర్టులో "హాజ్ ఎనీవన్ గివెన్ యూ ఎనీథింగ్ టు క్యారీ?" అని అడగొచ్చు. ఎవరన్నా ఏమన్నా ఇచ్చారా అని. అక్కడ దిగాక కస్టమ్స్‌వాళ్ళు "ఎనీథింగ్ టు డిక్లేర్?" అంటారు. మన ఊళ్ళో "ఏమన్నా కావాలా?" అంటే "ఏం వద్దండీ" అనడం మర్యాద. ఆ అలవాటుకొద్దీ "నథింగ్" అనేయకండి. నథింగ్ అంటే ఒక్కటీ లేదని అధికారికి మాట ఇచ్చినట్టే. అమెరికాలో తినే వస్తువు ఏది తెచ్చినా చెప్పి తీరాలి, దాస్తే జరిమానా పడొచ్చు. "యెస్, పికిల్స్ అండ్ స్వీట్స్" అనండి. చూడాలనుకుంటే చూస్తారు. మాంసం పచ్చళ్ళు మాత్రం అసలు పెట్టుకోకండి.

ఇక మనవాళ్ళు ఎక్కువగా తడబడేది ‘ఎవరూ’ దగ్గర. "ఎవరూ రాలేదు" అన్నప్పుడు మన ‘లేదు’ క్రియలో ఉంటుంది. ఇంగ్లీషులో అది నోబడీలోనే ఉంది, కాబట్టి "నోబడీ కేమ్" అంటే చాలు. "నోబడీ డిడ్‌న్ట్ కమ్" తప్పు, "ఎనీబడీ డిడ్‌న్ట్ కమ్" కూడా తప్పే. కొందరే వస్తే "నాట్ ఎవ్రీవన్ కేమ్" అనాలి.

ఇది వ్యాకరణం పరీక్షకే అనుకోకండి. రోడ్డు మీద కారు గుద్దుకుని అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేస్తే "ఈజ్ ఎనీవన్ హర్ట్?" అని అడుగుతారు. ఎవరికీ ఏమీ కాకపోతే "నో, నోబడీ ఈజ్ హర్ట్" అనండి. ఒక్కరికి తగిలినా "యెస్, సమ్‌వన్ ఈజ్ హర్ట్" అనండి. కంగారులో "ఎవ్రీవన్ ఈజ్ నాట్ హర్ట్" అంటే, కొందరికి తగిలిందనీ అర్థం చేసుకోవచ్చు.

ఎవ్రీవన్ అంటే అందరూ అయినా దాని పక్కన ‘ఈజ్’ వస్తుంది, ‘ఆర్’ రాదు. ఇంటికొచ్చినవాళ్ళను "వుడ్ యూ లైక్ సమ్‌థింగ్ టు డ్రింక్?" అని అడగండి. ఇచ్చే ఉద్దేశం ఉన్న ప్రశ్నలో సమ్‌థింగే బాగుంటుంది.

డాక్టరు దగ్గర "ఆర్ యూ అలర్జిక్ టు ఎనీథింగ్?" అన్నప్పుడు మొహమాటపడకండి. పడని మందు ఉంటే దాని పేరు చెప్పండి. నిజంగా ఏదీ లేకపోతేనే "నో, నథింగ్" అనండి.